ఆర్పీజీల్లో తోటి పాత్రలను నడిపించడం ఎలా: ఏది చేతిలో ఉంచుకోవాలి, ఏది వాళ్లకు వదలాలి

గుంటూరు మిర్చి యార్డులో మా నాన్నకు కమీషన్ కొట్టు ఉండేది. ఊరికి వెళ్లాల్సి వస్తే గుమాస్తాను పిలిచి నాలుగు మాటలు చెప్పి బయల్దేరేవారు. "వాన మబ్బు పట్టిందంటే చేతిలో పని ఏదున్నా ఆపేసి ముందు పట్టాలు కప్పించు. తాలు కలిసిన టిక్కీలు (మిర్చి బస్తాలు) పక్కన పెట్టించు. నేను చెప్పిన ధరకు దిగువ అడిగితే ఇవ్వకు, ఫోన్ చెయ్యి." మిగతాది గుమాస్తా చూసుకునేవాడు. ఏళ్ల తర్వాత బ్రాడీపేటలో మా గదిలో కూర్చుని డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ అనే వీడియో గేమ్ ఆడుతూ టాక్టిక్స్ అనే పట్టిక తెరిచినప్పుడు నాకు ఆ మాటలే గుర్తొచ్చాయి. ఫలానాది జరిగితే ఫలానా పని చెయ్యి. అందులో ఉన్నది అంతే.

ఆర్పీజీలు, అంటే ఒక పాత్రగా మారి కథలో సాగే వీడియో గేములు, ఆడే మనవాళ్లు చాలామంది తోటి పాత్రల మీద విసుక్కుంటూ ఉంటారు. హీలర్ (గాయాలు మాన్పే పాత్ర) సమయానికి హీల్ చెయ్యదు, విలుకాడు ముందుకెళ్లి పడిపోతాడు, మాంత్రికుడు మన మీదే నిప్పు పోస్తాడు. దాంతో కొందరు ఆటనే వదిలేస్తారు. కొందరు ప్రతి క్షణం ఆట ఆపి నలుగురినీ చేత్తో కదుపుతూ అలిసిపోతారు. అంత అవస్థ అక్కర్లేదు. ప్రతి పోరులోనూ వచ్చే పనిని వాళ్లకు ముందే చెప్పి పెట్టండి. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద పనిని మీ చేతిలో ఉంచుకోండి. వాళ్ల మనసు సంగతి మాత్రం వాళ్లకే వదలండి. ఎలాగో వరసగా చెబుతాను.

1. ఆట మీకు ఎంత పగ్గం ఇస్తుందో ముందు తెలుసుకోండి

మొదటి తోటి పాత్ర పార్టీలో, అంటే మన జట్టులో, చేరగానే కథ కాసేపు ఆపండి. స్క్రీన్ పక్కన ఉన్న ఆ పాత్ర బొమ్మను నొక్కి చూడండి. మీ పాత్ర బదులు అది కదిలితే పూర్తి పగ్గం మీదే. బాల్డర్స్ గేట్ 3 ఇలాంటిది. తర్వాత మెనూలోకి వెళ్లి టాక్టిక్స్, గాంబిట్స్, బిహేవియర్, ఏఐ లాంటి మాటలు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి. ఉంటే ముందస్తు ఆజ్ఞలు రాసిపెట్టొచ్చు. 2006 నాటి ఫైనల్ ఫాంటసీ 12, 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్, 2018 నాటి పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ 2 ఈ కోవలోవి. వీటిలో చేత్తో నడపడమూ ఉంది, రాసిపెట్టడమూ ఉంది. ఈ రెండూ లేకపోతే మీకున్నవి "ఆగు, రా, దాన్ని కొట్టు" లాంటి మాటలే. స్కైరిమ్ అలాంటిది. 2024లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ది వీల్‌గార్డ్‌లో కూడా తోడు వచ్చే ఇద్దరికీ ఫలానా శక్తి వాడమని చెప్పగలం గానీ, వాళ్లలోకి దూరి నడపలేం.

ఈ తేడా తెలియకుండా ఆడితే ఆటతో అనవసరంగా పోట్లాడతాం. ఇది పాత గొడవే. 1990లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 4 చివరి అధ్యాయంలో తోటివాళ్లకు నేరుగా ఆజ్ఞ ఇచ్చే వీలు ఉండేది కాదు. అందులోని పూజారి, మంత్రం ఏమాత్రం పనిచేయని పెద్ద శత్రువులైన బాస్‌ల మీద కూడా ప్రాణం తీసే మంత్రాన్నే వేస్తూ కూర్చునేవాడు. తర్వాత వచ్చిన రీమేక్‌లలో "చెప్పినట్టు చెయ్యి" అనే ఎంపిక పెట్టారు. 1997 నాటి మొదటి ఫాలౌట్‌లో తోడొచ్చే ఇయాన్ చేతికి సబ్‌మెషీన్ గన్ ఇస్తే మన వీపులోకి కూడా కాల్చేవాడు. మరుసటి ఏడాది ఫాలౌట్ 2లో, ఎంత దూరంలో నిలబడాలి, ఎప్పుడు పారిపోవాలి, గుళ్ల వాన ఎప్పుడు కురిపించాలి అని ముందే చెప్పే పట్టీ వచ్చింది. 2006 నాటి పెర్సోనా 3లో జట్టు సభ్యులకు "హీలింగ్ చూసుకో", "గట్టిగా కొట్టు" అనే స్థాయి సూచనలే ఇవ్వగలిగేవాళ్లం. 2009లో పీఎస్‌పీ అనే చేతి గేమ్ యంత్రానికి వచ్చిన రూపంలోనే నేరుగా ఆజ్ఞ ఇచ్చే వీలు వచ్చింది. ఆ పాత పద్ధతి అంటే నాకు గౌరవమే. స్నేహితులు మన చేతి వేళ్లు కాదు కదా. కాకపోతే అలాంటి ఆట అని ముందే తెలిసి ఆడాలి.

2. ఎవరికేం వచ్చో చదవండి

ఒక్కో పాత్ర పేజీకి రెండు నిమిషాలు చాలు. ఎవరు దెబ్బలు తట్టుకోగలరు, ఎవరు దూరం నుంచి కొడతారు, ఎవరి దగ్గర హీలింగ్ ఉంది, అది ఎన్నిసార్లు వస్తుంది. ఇది తెలియకుండా ఆజ్ఞలు రాయడం, గుమాస్తా పేరు కూడా తెలియకుండా కొట్టు అప్పగించడం లాంటిది. పాత్రకు ఆట ఇచ్చిన నేర్పు మీకు నచ్చకపోతే మార్చే దారి ఉందేమో కనుక్కోండి. బాల్డర్స్ గేట్ 3లో విడిదిలో ఉండే విథర్స్‌కు 100 బంగారు నాణేలు ఇస్తే మీ పాత్రనే కాదు, తోటివాళ్ల తరగతిని (యోధుడా, మాంత్రికుడా అన్నది) కూడా మొదటినుంచి మళ్లీ కట్టొచ్చు. అందులోని తోటి పాత్ర, పూజారిణి షాడోహార్ట్‌ను ట్రికరీ అనే విద్యాశాఖ నుంచి లైఫ్ డొమైన్‌కు మార్చమని కొత్తవాళ్లకు నేను చెబుతుంటాను. హీలింగ్ చేతికి బాగా అందుతుంది.

3. ముందస్తు ఆజ్ఞలు రాయండి

అసలు పని ఇదే, తీరిగ్గా చేయండి.

పట్టికను ఆట పైనుంచి కిందికి చదువుతుంది. ఏ వరుసలోని షరతు ముందు నిజమైతే ఆ పని చేసేస్తుంది, కింద ఉన్నవాటిని చూడదు. ఆ పని అయ్యాక మళ్లీ మొదటి వరుస నుంచి వస్తుంది. కాబట్టి మీరు ఏం రాశారన్నది ఎంత ముఖ్యమో, ఏది పైన రాశారన్నది అంతకంటే ముఖ్యం. మా నాన్న వాన మాట ముందు చెప్పింది అందుకే. తాలు ఏరుతూ ఉండగా వాన వస్తే ఏరడం ఆగాలి గానీ కప్పడం ఆగకూడదు.

కొత్తగా రాసేవాళ్లు చేసే పెద్ద తప్పు ఒకటుంది. "దగ్గర్లో ఉన్న శత్రువును కొట్టు" అని మొదటి వరుసలో పెడతారు. పోరులో దగ్గర్లో ఎవడో ఒకడు ఎప్పుడూ ఉంటాడు. అంటే ఆ షరతు ఎప్పుడూ నిజమే. దాని కింద మీరు ఎంత అందంగా రాసినా ఆట అక్కడిదాకా రాదు. ఎప్పుడూ నిజమయ్యే షరతు అట్టడుగున ఉండాలి. అరుదుగా నిజమయ్యేది, ప్రాణం మీదికి వచ్చేది పైన ఉండాలి.

డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో హీలర్‌కు నేను రాసే వరస ఇది. మొదటిది, తన ప్రాణం 25 శాతానికి తగ్గితే మందు తాగాలి. హీలర్ పడిపోతే మిగతావాళ్ల సంగతి చూసేవాళ్లు ఉండరు. రెండోది, పార్టీలో ఎవరి ప్రాణమైనా 50 శాతానికి తగ్గితే హీల్ చేయాలి. మూడోది, తన మీదికి ఎవరైనా వచ్చి కొడుతుంటే వాళ్లను ఆపే మంత్రం వేయాలి. నాలుగోది, మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) బాగా తగ్గితే దాన్ని నింపే లిరియం తాగాలి, అదీ ఉన్నవాటిలో చిన్న సీసా. చివరిది, నాయకుడు కొడుతున్నవాణ్ణే కర్రతో కొట్టాలి. లిరియం వరుసను పొరపాటున పైకి జరిపారంటే పక్కవాడు చస్తుంటే ఈవిడ సీసా ఎత్తుతుంది, పైగా సంచిలో ఉన్నవన్నీ రెండు పోరుల్లో ఖాళీ.

50 శాతమే ఎందుకని అడగొచ్చు. 75 పెడితే గీత పడ్డా హీల్ చేస్తుంది, అసలు అవసరం వచ్చేసరికి మానా ఉండదు. 25 పెడితే మంత్రం చదవడానికి పట్టే సమయంలోనే మనిషి పడిపోతాడు. ఆట కష్టస్థాయి పెంచినప్పుడు దెబ్బలు పెద్దవవుతాయి కాబట్టి ఈ అంకెను కాస్త పెంచండి. హీలర్లు ఇద్దరుంటే ఒకరికి 50, ఇంకొకరికి అంతకంటే తక్కువ పెట్టండి. లేకపోతే ఒకే గాయానికి ఇద్దరూ ఒకేసారి ఎగబడతారు.

ఫైనల్ ఫాంటసీ 12లో వీటి పేరు గాంబిట్స్. ఒక్కొక్కరికి 12 వరుసల దాకా వస్తాయి. పోరులో ఉన్న ముగ్గురికీ మొదటి వరుసలో "ఎవరైనా పడిపోతే ఫీనిక్స్ డౌన్" పెట్టండి. ఫీనిక్స్ డౌన్ అంటే పడినవాళ్లను లేపే వస్తువు, ఒక్కరు నిలబడి ఉన్నా మిగతా ఇద్దరినీ లేపుతారు. ఎవరూ పడిపోనప్పుడు ఆ వరుస తనంతట తానే ఊరుకుంటుంది. దొంగతనానికి నాకు బాగా నచ్చే వరుస "శత్రువు ప్రాణం 100 శాతం ఉంటే దొంగిలించు". ఎవరి దెబ్బైనా తగిలాక ఆ షరతు అబద్ధమైపోతుంది, మన మనిషి మామూలు పోరులోకి వచ్చేస్తాడు. ఇలా తన పని అయ్యాక తానే తప్పుకునే షరతు దొరికితే వదలకండి.

ఇక అట్టడుగు వరుసలో "దగ్గరివాణ్ణి కొట్టు" కంటే "నాయకుడు కొడుతున్నవాణ్ణి కొట్టు" పెట్టండి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. శత్రువులు ముగ్గురు, ఒక్కొక్కరికి 90 ప్రాణం. మనవాళ్లు ముగ్గురు, ఒక్కో దెబ్బకు 30 పోతుంది. ప్రతి రౌండులో ముందు మనం కొడతాం అనుకోండి. ఒక్కొక్కరూ ఒక్కొక్కరి మీద పడితే మొదటి రెండు రౌండ్లూ ముగ్గురు శత్రువులూ బతికే ఉంటారు, మనకు 6 దెబ్బలు తగులుతాయి. ముగ్గురూ కలిసి ఒక్కణ్ణే కొడితే రౌండుకు ఒకడు పోతాడు. మొదటి రౌండులో 2 దెబ్బలు, రెండో రౌండులో 1, మొత్తం 3. అదే పోరు, అదే బలం, దెబ్బలు సగం. సగం ప్రాణంతో ఉన్నవాడు కూడా నిండు ప్రాణంతో ఉన్నంత గట్టిగానే కొడతాడు. ఈ ఒక్క వరుస మార్చి చూడండి, మీ హీలర్‌కు పని ఎంత తగ్గుతుందో కనపడుతుంది.

రాశాక పరీక్షించాలి. సేవ్ చేసుకుని, తేలికైన శత్రువులున్న చోటికి వెళ్లి, చేతులు తీసేసి చూడండి. ఏమీ నొక్కొద్దు. ఎవరు ఊరికే నిలబడ్డారు, ఎవరు ఏ మందు వృథా చేశారు, గమనించండి. తర్వాత ఒక్క వరుస మార్చండి. ఒక్కటే. ఒకసారి నేనూ, పటమట నుంచి వచ్చిన మా బావా కలిసి అయిదు వరుసలు ఒకేసారి మార్చేశాం. హీలర్ కదలకుండా నిలబడింది. ఏది తప్పో తెలియక మధ్యాహ్నమంతా పట్టిక తిరగరాశాం. చివరికి బావే కనిపెట్టాడు. "పట్టిక కాదురా, నువ్వు ఇందాక ఆగమని నొక్కావు, మళ్లీ తియ్యలేదు" అన్నాడు. ఇంకో మాట. మే నెలలో మన ఊళ్లలో మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. పట్టిక రాయడం పూర్తయిన వెంటనే సేవ్ చేయండి, పోరు అయ్యేదాకా ఆగకండి. అలా రెండు గంటల పని పోగొట్టుకున్నవాడిగా చెబుతున్నాను.

4. ఇవి మాత్రం రాసివ్వకండి

పెద్ద ఫైర్‌బాల్ లాంటివి, చుట్టుపక్కల అందరినీ కాల్చేవి, మీ చేతిలోనే ఉండాలి. డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో కష్టస్థాయి పెంచాక మన నిప్పు మనవాళ్లను కూడా కాలుస్తుంది. శత్రువుల గుంపు మధ్యలో మనవాడు ఉన్నాడా అన్నది చూసుకోవాల్సింది మీరే. ఒక్కటే మిగిలిన మందు, విశ్రాంతి తీసుకుంటే గానీ తిరిగిరాని మంత్రం కూడా అంతే. బాల్డర్స్ గేట్ 3లో పెద్ద విశ్రాంతికి మామూలు స్థాయిలో 40 విడిది సరుకులు ఖర్చవుతాయి. ఒక మంత్రాన్ని వృథా చేస్తే ఎంత పోయిందో ఆ లెక్కలో చూసుకోండి. ధర తగ్గితే ఇవ్వకు, ఫోన్ చెయ్యి అని మా నాన్న అన్నారు చూడండి, అది ఈ కోవలోది.

5. ఎక్కడ నిలబెట్టాలి

పండగ ముందు సాయంత్రం విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక్క తోపుడుబండి అడ్డం పెడితే వెనక ఎంతమంది ఆగిపోతారో చూశారా? గుమ్మం దగ్గర మీ ట్యాంకును, అంటే దెబ్బలు తట్టుకునే పాత్రను, అలా నిలబెట్టండి. ముందు అందరికీ "ఆగు" ఇవ్వండి. ట్యాంకును గుమ్మంలోకి పంపండి. విలుకాణ్ణి, మాంత్రికుణ్ణి వెనక గదిలో, గుమ్మం కనపడే చోట ఉంచండి. తర్వాత ఒక బాణం వేసి శత్రువును పిలవండి. పోరు ముగిశాక "ఆగు" తీసేయడం మరిచిపోకండి, మా హీలర్ సంగతి చెప్పాను కదా.

బాల్డర్స్ గేట్ 3లో పీసీ మీద జి కీ నొక్కితే గుంపు విడిపోతుంది. లేదా బొమ్మను పట్టుకుని పక్కకు లాగినా విడిపోతుంది. అప్పుడు ఒక్కొక్కరినీ విడివిడిగా ఎత్తు మీదికి ఎక్కించండి. ఎత్తు నుంచి కొడితే గురికి 2 కలుస్తుంది, కింద నుంచి పైకి కొడితే 2 తగ్గుతుంది. షిఫ్ట్, సి కలిపి నొక్కితే గుంపంతా ఒకేసారి నక్కి నడుస్తుంది. ఉచ్చులున్న చోట షిఫ్ట్, స్పేస్ కలిపి నొక్కి టర్న్‌ల పద్ధతికి (ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా కదిలే పద్ధతికి) మారండి. లేకపోతే మీరు ఉచ్చు విప్పుతుండగా వెనకున్నవాళ్లు మీ వెంటే వచ్చి అందులో కాలు పెట్టొచ్చు.

6. టర్న్‌ల ఆటల్లో ఇద్దరిని ఒకరిగా వాడండి

బాల్డర్స్ గేట్ 3లో మనవాళ్లిద్దరి టర్న్‌లు పక్కపక్కనే పడితే ఆ ఇద్దరి మధ్య అటూ ఇటూ మారొచ్చు. చాలామంది ఒకరి పని మొత్తం ముగించి రెండోవారికి వెళ్తారు. అలా కాకుండా, ఒకరితో నీళ్ల సీసా విసిరించి శత్రువును తడపండి, రెండోవారితో మెరుపు మంత్రం వేయించండి. తడిసినవాడికి మెరుపు, చలి దెబ్బలు రెట్టింపు తగులుతాయి. నిప్పు మాత్రం తగ్గుతుంది, కాబట్టి తడిపాక ఫైర్‌బాల్ వేయకండి.

అలాగే రియాక్షన్స్ (మన వంతు కానప్పుడు ఎదురు చేసే పనుల) పట్టీ తెరిచి, ఖరీదైనవాటిని "నన్ను అడుగు" అని పెట్టండి. ఒక్క నిమిషం పని.

7. మాట మాత్రమే చెప్పగలిగిన చోట

స్కైరిమ్‌లో తోడొచ్చేవాడి మీద చూపు నిలిపి, మాట్లాడించే బొత్తాన్ని నొక్కి పట్టుకుంటే ఆజ్ఞ ఇచ్చే వీలు వస్తుంది. అప్పుడు ఒక చోటు చూపిస్తే అక్కడికి వెళ్తాడు, శత్రువును చూపిస్తే కొడతాడు. ఇలాంటి ఆటల్లో మీ అసలు పగ్గం ఆయుధాల దగ్గర ఉంది. కత్తి తీసుకుని విల్లు ఇవ్వండి, దూరంగా ఉండి కొడతాడు. మంచి కవచం ఇవ్వండి. మోకాళ్ల మీద కూలబడ్డ తోటివాడి దగ్గర మీరు నిప్పు మంత్రాలు వేయకండి, శత్రువు వదిలేసినా మీ దెబ్బకు పోతాడు. "ఇక్కడే ఉండు" అని చెప్పి ఆట లెక్కలో మూడు రోజులు రాకపోతే విసిగి వెళ్లిపోతాడు. కాబట్టి ఎక్కడ వదిలారో గుర్తుపెట్టుకోండి.

8. మనసు దగ్గర పగ్గం వదలండి

పోరులో షాడోహార్ట్‌ను మీ వేళ్లతో నడిపినా, ఆమె నమ్మకాలు ఆమెవే. మీరు చేసిన పనికి ఒకరు మెచ్చుకుంటారు, ఇంకొకరు ముఖం తిప్పుకుంటారు. అందరినీ ఒకేసారి మెప్పించాలని ప్రతి మాట ముందూ సేవ్ చేసి వెనక్కి వెళ్లకండి. బాల్డర్స్ గేట్ 3లో శరణార్థులున్న గ్రోవ్ అనే చోటు మీద మీరే దాడి చేయిస్తే తోటివాళ్లలో విల్, కార్లక్ మీతో ఉండరు. ఉండకపోవడమే న్యాయం. షాడోహార్ట్ కథలో పెద్ద మలుపు దగ్గర, అనుబంధం గట్టిగా ఉంటే మీరు ఒత్తిడి చేయకుండా పక్కకు తప్పుకున్నా తన దారి తాను ఎంచుకుంటుంది. అక్కడ చేతులు కట్టుకుని నిలబడి చూడండి. నాకు ఆ ఆట మొత్తంలో అంతగా గుర్తుండిపోయిన ఘట్టం లేదు.

మనసు వదలడమంటే పట్టించుకోకపోవడం కాదు. 2010 నాటి మాస్ ఎఫెక్ట్ 2లో ఆఖరి దండయాత్రకు ముందు ఒక్కొక్కరి సొంత కష్టం తీర్చే అవకాశం వస్తుంది. అది తీర్చినవాళ్లు గట్టిగా నిలబడతారు. ఆ దండయాత్రలో ఒకరిని గొట్టం దారిలోంచి పంపి తలుపులు తెరిపించాలి. "నేను వెళ్తా" అని ముందుకొచ్చినవాడే ఆ పనికి తగినవాడు కానక్కర్లేదు. టాలీ, లీజియన్ లాంటి యంత్రవిద్య తెలిసినవాళ్లు, అదీ మీమీద నమ్మకం కుదిరినవాళ్లు కావాలి. లేకపోతే ప్రాణం పోతుంది, తిరిగిరాదు. కాబట్టి బాల్డర్స్ గేట్ 3లో కూడా విడిదికి వెళ్లిన ప్రతిసారీ ఎవరి తల మీదైనా ఆశ్చర్యార్థకం కనపడినా, కనపడకపోయినా, అందరినీ ఒకసారి పలకరించండి.

9. ఇద్దరు ఆడేటప్పుడు

మా బావ ఆదివారం వస్తే రెండు కంట్రోలర్లు పెట్టుకుని బాల్డర్స్ గేట్ 3 స్క్రీన్ రెండుగా చీల్చి ఆడతాం. ఇద్దరి పాత్రలూ పోగా మిగిలే చోట్లు రెండు. సెషన్ మెనూలో చెరొక కంపానియన్‌ను (తోటి పాత్రను) పంచుకోవచ్చు, మధ్యలో మార్చుకోనూ వచ్చు. ఎవరిని ఎవరు నడపాలో ఆట మొదలయ్యే ముందే తేల్చుకోండి. పోరు మధ్యలో "నీ హీలర్‌తో నాకు హీల్ చేయించు బావా" అని అరవడం కంటే, ఇద్దరిలో ఎవరు ముందుండి కొడతారో వాళ్లకు కాకుండా రెండోవారికి హీలర్‌ను ఇవ్వడం మేలు. వెనక ఉన్నవారికి పోరు మొత్తం కనపడుతుంది. సంభాషణ ఎవరు మొదలుపెడితే వాళ్లే ముగిస్తారు, కాబట్టి మాటకారి పాత్ర ఉన్నవారిని ముందు నడవనివ్వండి. రెండోవారు పక్కన నిలబడి వినొచ్చు.

సాయంత్రం బావ విజయవాడ బస్సెక్కాక నేను ఒంటరిగా ఆట కొనసాగించే ముందు, అతను నడిపిన కంపానియన్ సంచీ, మంత్రాల జాబితా తెరిచి చూస్తాను. మంత్రాలు మార్చి ఉంటాడు, మందులు వాడి ఉంటాడు, కొత్త గొడ్డలి తొడిగి ఉంటాడు. అవి చూశాకే తలుపు తెరుస్తాను.